కొయోటీల బెడదకు రైఫిల్: కూర్చుకోవడం కన్నా కొనుక్కోవడమే మేలు

సంపాదకులకు నమస్కారం.

టెక్సాస్‌లో కొద్దిపాటి భూమి కొని మేకలు పెంచుకుంటున్నవారు కొయోటీల బెడద తప్పించుకోవడానికి ఎలాంటి రైఫిల్ సమకూర్చుకోవాలని ఒక పాఠకుడు అడిగిన ప్రశ్నకు, మీ పత్రిక ప్రవాసుల పేజీలో ఈ మధ్య వచ్చిన జవాబును శ్రద్ధగా చదివాను. విడిభాగాలు విడివిడిగా తెప్పించుకొని సొంతంగా కూర్చుకుంటే ఖర్చు తగ్గుతుందని, అలా కూర్చిన రైఫిల్ గురి కంపెనీ రైఫిల్ గురి కన్నా మెరుగ్గా ఉంటుందని ఆ జవాబులో రాశారు. ఈ రెండు మాటలూ మంద కాచుకోవడానికి మొదటిసారి రైఫిల్ కొనబోయే మనిషికి వర్తించవు. పైగా ఆ జవాబులో చట్టం గురించి ఒక్క ముక్క కూడా లేదు. ఇక్కడి మన కుటుంబాల్లో చాలామంది వీసాల మీద ఉన్నవారే కాబట్టి, ఆ లోటు మిగతా పొరపాట్లన్నిటి కన్నా ప్రమాదకరమైనదని నాకు అనిపించింది. మేమూ ఇదే రాష్ట్రంలో మేకల మందను సాకుతున్నవాళ్లం కనుక, తెలిసిన విషయం చెప్పడం నా బాధ్యతగా భావించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఏ రైఫిల్ కావాలో తేల్చుకోవాలంటే ముందుగా జంతువు సంగతి చూడాలి. కొయోటీ మన నక్క కన్నా పెద్దది, తోడేలు కన్నా చిన్నది. బరువు సాధారణంగా 20 నుంచి 45 పౌండ్ల మధ్య ఉంటుంది. ఒకప్పుడు పశ్చిమ మైదానాలకే పరిమితమైన ఈ జంతువు, తోడేళ్లు తుడిచిపెట్టుకుపోయిన ప్రాంతాలకు 20వ శతాబ్దంలో వ్యాపించి, ఇప్పుడు హవాయి మినహా అమెరికా రాష్ట్రాలన్నిటిలోనూ కనిపిస్తోంది. ఎదిగిన మేకపోతును అది సాధారణంగా ముట్టుకోదు. మేకలు ఈనే కాలంలో, తల్లి వెనక తడబడుతూ నడిచే పిల్లల మీదే దాని కన్ను ఉంటుంది. తెల్లవారుజామునా మునిమాపువేళా తిరుగుతుంది. వేటగాళ్లు గాయపడిన కుందేలు అరుపును పోలిన పిలుపు వినిపించి దాన్ని దగ్గరికి రప్పించుకుంటారు. అలా వచ్చిన జంతువు మీద పేల్చే తూటాల్లో ఎక్కువ భాగం 200 గజాల లోపే ఉంటుంది. 300 గజాలు దాటి పేల్చవలసిన అవసరం మంద కాచుకునేవాడికి అరుదుగా తప్ప రాదు. వచ్చినా పేల్చకుండా ఊరుకోవడమే మంచిది, ఎందుకంటే గాయపడి పారిపోయి పొదల్లో రోజుల తరబడి బాధపడి చచ్చే జంతువు పాపం ఆ ట్రిగ్గర్ నొక్కినవాడిదే అవుతుంది.

ఇంత దూరానికి, ఇంత బరువున్న జంతువుకు ఏ తూటా సరిపోతుందన్న విషయంలో అనుభవజ్ఞుల మధ్య పెద్ద భేదాభిప్రాయం లేదు. 1964లో మార్కెట్లోకి వచ్చిన .223 రెమింగ్టన్ ఈ పనికి చక్కగా సరిపోతుంది. సైన్యం వాడే 5.56 తూటాకు ఇది దగ్గరి బంధువు కావడంతో ఏ చిన్న ఊరి దుకాణంలోనైనా దొరుకుతుంది, ధర కూడా అదే తరగతిలోని మిగతా తూటాల కన్నా తక్కువ. ఇందులోంచి దూసుకెళ్లే 55 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండు బరువు కొలిచే చిన్న ప్రమాణం) గుండు సెకనుకు సుమారు 3,200 అడుగుల వేగంతో బయలుదేరుతుంది. దెబ్బ భుజానికి తగిలే తీవ్రత చాలా తక్కువ కాబట్టి, పేల్చినవాడు స్కోపులోంచే (రైఫిల్ మీద బిగించే గురిచూసే దుర్బిణి) గుండు ఎక్కడ తగిలిందో చూసుకోగలుగుతాడు. కొత్తగా నేర్చుకునేవారికి ఇది ఎంత మేలు చేస్తుందో మాటల్లో చెప్పడం కష్టం. దీనికన్నా వేగం కావాలనుకునేవారికి .22-250 ఉంది. 1915 నాటి .250 సావేజ్ తూటా గొట్టం మూతిని సన్నం చేసి ఔత్సాహికులు ఇళ్లలో తయారుచేసుకుంటూ వచ్చిన ఆ తూటాను 1965లో రెమింగ్టన్ కంపెనీ అధికారికంగా తన జాబితాలో చేర్చింది. అదే 55 గ్రెయిన్ల గుండును ఇది దాదాపు 3,700 అడుగుల వేగంతో పంపుతుంది. అయితే బారెల్ (గుండు దూసుకెళ్లే రైఫిల్ గొట్టం) త్వరగా వేడెక్కుతుంది, త్వరగా అరుగుతుంది, తూటా ఖరీదు ఎక్కువ. ఇక గాలి బాగా వీచే బయలు ప్రదేశాల్లో ఉంటూ, అదే రైఫిల్‌తో జింకల వేటకు కూడా వెళ్లదలచుకున్నవారికి 1955 నాటి .243 విన్‌చెస్టర్ తగినది. ఈ మూడు తూటాలకూ సిద్ధంగా దొరికే కంపెనీ రైఫిళ్లు కొల్లలుగా ఉన్నాయి. కాబట్టి, దొరకని తూటా కోసం రైఫిల్ కూర్చుకోవలసిన అగత్యం ఈ పనిలో దాదాపుగా లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కూర్చుకోవడం అని ఒక్క మాటలో అంటున్నాం గాని, అందులో రెండు వేర్వేరు పనులు ఇమిడి ఉన్నాయి. మొదటిది, ఏఆర్-15 తరహా సెమీ ఆటోమేటిక్ రైఫిల్ (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేల్చి తరువాతిదాన్ని తానే ఎక్కించుకునేది) భాగాలు కొని ఇంట్లో బిగించుకోవడం. ఆ భాగాలు ఒకే ప్రమాణంలో తయారవుతాయి కనుక, ఇది తయారీ అనడం కన్నా బిగింపు అనడమే సరైనది. రెండోది, బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కు (ప్రతి తూటాకూ బోల్టును చేత్తో లాగి మూసేది) మంచి యాక్షన్ (తూటాను ఎక్కించి తాళం వేసే యంత్రభాగం) ఒకచోట, మంచి బారెల్ ఇంకొకచోట, స్టాక్ (భుజానికి ఆనించే పిడి) మరొకచోట కొని, తుపాకుల పని తెలిసిన మిస్త్రీ చేత లేత్ మీద తూటా గదిని తొలిపించి, కొలతలు సరిచూయించి తయారుచేయించుకోవడం. మీ జవాబులో చెప్పిన ఆదా మొదటిదానికి సంబంధించినది, మీ జవాబులో చెప్పిన గురి రెండోదానికి సంబంధించినది. ఒకదాని చవకతనాన్నీ మరొకదాని నాణ్యతనూ కలిపి ఒకే వస్తువుకు అంటగట్టడం వల్లనే పాఠకులు తప్పుదారి పట్టే అవకాశం ఉంది.

లెక్క వేసి చూద్దాం. రూగర్ అమెరికన్, సావేజ్ యాక్సిస్ వంటి సామాన్య శ్రేణి బోల్ట్ యాక్షన్ రైఫిళ్లు సుమారు 400 నుంచి 650 డాలర్ల మధ్య కొత్తవే దొరుకుతాయి. ఫిన్లండ్‌లో తయారయ్యే టిక్కా వంటి మెరుగైన శ్రేణి రైఫిల్ వెయ్యి డాలర్లకు అటూఇటూగా వస్తుంది. అదే బోల్ట్ యాక్షన్ రైఫిల్‌ను కూర్పించుకుంటే, పేరున్న కస్టమ్ యాక్షన్ ఒక్కటే వెయ్యి డాలర్లు దాటడం మామూలు విషయం. మంచి బారెల్‌కు మూడు నాలుగు వందలు, స్టాక్‌కు, ట్రిగ్గర్‌కు విడివిడిగా ఖర్చులు, మిస్త్రీ కూలి మరికొన్ని వందలు. ఇదంతా స్కోపు, దాన్ని పట్టి ఉంచే రింగులు కొనకముందు లెక్క. పైగా పేరున్న మిస్త్రీల దగ్గర నెలల తరబడి వరుసలో ఉండాలి. ఈలోగా మేకలు ఈనే కాలం వచ్చి వెళ్లిపోతుంది. ఏఆర్ తరహా రైఫిల్ విషయంలో కొంత ఆదా ఉండవచ్చు గాని, భాగాల మీద విడివిడిగా పడే రవాణా ఖర్చులు, బిగింపుకు కావలసిన పనిముట్ల ఖర్చు కలుపుకుంటే ఆ ఆదా చాలాసార్లు నామమాత్రమే. మొదటి రైఫిల్ కూర్చుకునేవాడికి ఆ పనిముట్లు ఒక్కటీ ఇంట్లో ఉండవన్నది జవాబు రాసినవారు మరిచిన సంగతి. ఒకనాడు అమ్మదలచినప్పుడు కూడా కంపెనీ రైఫిల్‌కు ఒక ధర పలుకుతుంది. ఎవరు కూర్చారో తెలియని రైఫిల్‌ను కొనేవాడు విడిభాగాల ధర ఇస్తే గొప్ప, అది కూడా జంకుతూనే ఇస్తాడు.

గురి గురించిన వాదన ఇంకా బలహీనమైనది. నేటి కంపెనీ రైఫిళ్లలో చవకైనవి కూడా, తమకు నచ్చిన తూటా దొరికితే, 100 గజాల దూరంలో గుండ్లన్నిటినీ ఒక అంగుళం, ఒకటిన్నర అంగుళాల వలయంలో పెట్టగలుగుతున్నాయి. శ్రద్ధగా కూర్పించుకున్న రైఫిల్ ఆ వలయాన్ని అర అంగుళానికి తెస్తుందనే అనుకుందాం. 300 గజాల దగ్గర మొదటిది మూడు, నాలుగున్నర అంగుళాల వలయం అవుతుంది, రెండోది ఒకటిన్నర అంగుళాల వలయం అవుతుంది. గురిపెట్టిన చోటు నుంచి గుండు తప్పిపోయే దూరం ఈ వలయాల్లో సగమే కాబట్టి, రెండు రైఫిళ్లకూ మధ్య తేడా ముప్పావు అంగుళం నుంచి ఒకటిన్నర అంగుళం మాత్రమే. అదే దూరంలో గంటకు 10 మైళ్ల వేగంతో అడ్డంగా వీచే గాలి .223 తూటాలోని 55 గ్రెయిన్ల గుండును సుమారు ఒక అడుగు పక్కకు నెట్టేస్తుంది. 200 గజాలకు గురి సరిచేసుకున్న అదే రైఫిల్‌లోంచి వెళ్లిన గుండు 300 గజాల దగ్గర ఎనిమిది నుంచి పది అంగుళాలు కిందికి దిగుతుంది. గాలిని అంచనా కట్టడంలోనూ దూరాన్ని అంచనా కట్టడంలోనూ జరిగే పొరపాటు అడుగుల్లో ఉన్నప్పుడు, అంగుళం కోసం వెయ్యి డాలర్లు అదనంగా పోయడం మంద కాచుకునేవాడికి తగిన పని కాదు. ఆ డబ్బుతో తూటాలు కొని, కూర్చునీ, మోకాలి మీదా, ఊతకర్ర ఆసరాతోనూ సాధన చేస్తే వచ్చే మెరుగుదల ఎన్నో రెట్లు ఎక్కువ. బల్ల మీద ఇసుక సంచుల మధ్య పెట్టి పేల్చిన రైఫిల్ గురి పొలంలో మన గురి కాదు. ఈ ఒక్క విషయం గ్రహిస్తే కూర్చుకోవాలన్న కోరికలో సగం దానంతటదే చల్లారుతుంది.

మిగిల్చిన డబ్బులో సింహభాగం స్కోపుకు వెచ్చించమని నేను గట్టిగా చెబుతాను. కొయోటీ వచ్చేది వెలుగు చాలని వేళల్లో. ఆ వేళల్లో గడ్డి రంగులో కలిసిపోయిన జంతువును గుర్తుపట్టడానికీ, అది కొయోటీయా లేక పొరుగువారి కుక్కా అని తేల్చుకోవడానికీ మంచి అద్దాలు కావాలి. పొరుగువారి కుక్కను కాల్చిన మనిషికి ఆ పల్లెలో మళ్లీ తలెత్తుకొని తిరిగే పరిస్థితి ఉండదు. నాసిరకం స్కోపు బిగించిన ఖరీదైన రైఫిల్ కన్నా, మంచి స్కోపు బిగించిన చవకైన రైఫిల్ వేయి రెట్లు నయం.

ఇక భద్రత. .223 తూటా పేలినప్పుడు తూటా గదిలో ఒత్తిడి చదరపు అంగుళానికి 55,000 పౌండ్ల వరకు, .22-250లో 65,000 పౌండ్ల వరకు వెళ్లవచ్చు. ఈ ఒత్తిడి అంతా పేల్చేవాడి చెంపకు కొన్ని అంగుళాల దూరంలో పుడుతుంది. దాన్ని ఆపి ఉంచేది ఇత్తడి తూటా గొట్టం, దాని వెనక తాళం వేసినట్టు నిలబడే బోల్టు. బోల్టు మూసినప్పుడు దాని ముఖానికీ తూటా ఆనుకునే చోటుకూ మధ్య ఉండవలసిన దూరాన్ని ఇక్కడివారు హెడ్‌స్పేస్ అంటారు. ఆ దూరంలో అంగుళంలో వెయ్యో వంతుల తేడా కూడా లెక్కలోకి వస్తుంది. ఎక్కువైతే ఇత్తడి సాగి చీలిపోయి వేడి వాయువులు వెనక్కి, పేల్చేవాడి ముఖం వైపుకు తన్నుకొస్తాయి. తక్కువైతే బోల్టు సరిగా మూసుకోదు. ఈ కొలత సరిచూడటానికి గో, నో-గో అనే ఉక్కు కొలబద్దలు ఉంటాయి. కంపెనీ రైఫిల్ ఈ పరీక్షలు దాటి, ఫ్యాక్టరీలో పేల్చి చూసిన తరువాతనే మన చేతికి వస్తుంది, ఏదైనా లోపం తేలితే కంపెనీ బాధ్యత వహిస్తుంది. ఇంట్లో బిగించిన రైఫిల్‌కు ఆ బాధ్యత మోసేవాళ్లు ఎవరూ ఉండరు. బారెల్ మీద .223 అని మాత్రమే ఉన్న రైఫిల్‌లో సైన్యపు 5.56 తూటా పేలిస్తే ఒత్తిడి హద్దు మీరవచ్చునన్న విషయం కూడా విడిభాగాలు కొనేవారిలో చాలామందికి తెలియదు. రెండు తూటాలూ చూడటానికి ఒకేలా ఉంటాయి, ఒకే అరలో పక్కపక్కనే అమ్ముతారు.

అయితే కూర్చుకోవడం ఎప్పుడూ తప్పేనని నేను అనను. అది సబబైన సందర్భాలు ఉన్నాయి, వాటిని దాచడం న్యాయం కాదు. బారెల్ లోపలి మరలు, అంటే గుండును గిరగిరా తిప్పి పంపే మెలిక గాళ్ల విషయం తీసుకుందాం. .22-250 రైఫిళ్లను కంపెనీలు చాలాకాలం 14 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే మరలతోనే తయారుచేశాయి. 55 గ్రెయిన్లూ అంతకన్నా తేలికైన గుండ్లకు అది చాలు. బరువైన, పొడవైన గుండ్లను స్థిరంగా తిప్పి పంపడానికి ఎనిమిది అంగుళాలకో తొమ్మిది అంగుళాలకో ఒక చుట్టు కావాలి. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి ఏ జంతువు వేటకైనా సీసం లేని గుండ్లే వాడాలన్న నిబంధన అమలులో ఉంది. రాగి గుండు అదే బరువున్న సీసపు గుండు కన్నా పొడవుగా ఉంటుంది కనుక, పాత బారెల్‌లో అది నిలకడగా ఎగరకపోవచ్చు. అక్కడి మనవారికి ఇది కేవలం ముచ్చట కాదు, చట్టం తెచ్చిన అవసరం. అలాగే ఎడమచేతివాటం ఉన్నవారికీ, పొట్టివారికీ, భుజం నుంచి ట్రిగ్గర్ దాకా ఉండే పొడవు కుదరని మహిళలకూ తమ ఒడ్డూపొడుగుకు తగిన స్టాక్ దొరక్కపోతే, ఎంత మంచి రైఫిల్ అయినా గురి కుదరదు. ఇలాంటి నిర్దిష్టమైన అవసరం ఉన్నవారు కూర్పించుకోవడంలో తప్పులేదు. ఈ పని మీదే ప్రేమ పెంచుకొని, లేత్ దగ్గర నిలబడి నేర్చుకునేవారి విషయం కూడా వేరు. వారి శ్రమకు నేను మనస్ఫూర్తిగా గౌరవం ఇస్తాను. వారికి రైఫిల్ ఒక ఫలితం, పని అసలైన ఆనందం. మేకపిల్లలను కాపాడుకోవాలని అడిగిన పాఠకుడి అవసరం మాత్రం అది కాదు.

ఈ రెండిటికీ మధ్య ఒక దారి ఉంది. దాన్ని మీ జవాబు ప్రస్తావించి ఉంటే ఎంతో ఉపయోగపడేది. 1958లో వచ్చిన సావేజ్ 110 రైఫిల్‌లో బారెల్‌ను ఒక పెద్ద నట్‌తో బిగించే పద్ధతి ఉంది. ఆ తరువాత రూగర్ అమెరికన్ వంటివి కూడా ఆ పద్ధతినే అనుసరించాయి. ఇలాంటి రైఫిల్‌ను కంపెనీ నుంచి వచ్చినట్టే కొని కొన్నేళ్లు వాడుకొని, బారెల్ అరిగిపోయినప్పుడో, మనకు ఏం కావాలో మనకే స్పష్టంగా తెలిసిన తరువాతో, ముందుగానే తూటా గది తొలిచి ఉంచిన కొత్త బారెల్‌ను కొనుక్కొని మిస్త్రీ దగ్గర కొలబద్దలతో సరిచూయించి మార్పించుకోవచ్చు. ట్రిగ్గర్, స్టాక్ కూడా అలాగే ఒకటొకటిగా మార్చుకోవచ్చు. అప్పటికి మనకు అనుభవం వచ్చి ఉంటుంది, ఏ మార్పుకు ఎంత విలువో తెలిసి ఉంటుంది, మధ్యలో ఏ రోజూ మంద రైఫిల్ లేకుండా ఉండదు.

చట్టం విషయం దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగక తప్పదు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం వలసేతర వీసా మీద ఉన్నవారు, అంటే హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 వంటి వీసాలు ఉన్నవారు, తుపాకీని గాని తూటాలను గాని కలిగి ఉండటం 1998 నుంచి నేరం. దీనికి ఉన్న కొద్ది మినహాయింపుల్లో మనవారికి వర్తించేది ఒకటే: ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా జారీచేసిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉండటం. ఇక్కడ ఒక మెలిక ఉంది. పశువుల మీద దాడిచేస్తున్న, చేయబోతున్న లేదా ఇటీవల చేసిన కొయోటీలను చంపడానికి టెక్సాస్‌లో వేట లైసెన్సు అవసరం లేదు. అది విని, లైసెన్సు అక్కర్లేదు కదా అని వీసా మీద ఉన్న మనిషి రైఫిల్ పట్టుకుంటే, రాష్ట్ర చట్టం దృష్టిలో తప్పు లేకపోయినా ఫెడరల్ చట్టం దృష్టిలో నేరస్థుడవుతాడు. అంతటితో ఆగదు, వీసా, గ్రీన్ కార్డు, ఈ దేశంలో కట్టుకున్న బతుకు అంతా ప్రమాదంలో పడుతుంది. తుపాకీ మన పేరున లేకపోయినా, మిత్రుడి పొలంలో సరదాగా అతని రైఫిల్ పుచ్చుకొని నాలుగు తూటాలు పేల్చినా అది స్వాధీనం కిందికే వస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. వీసా మీద ఉన్నవారు మాత్రం ముందుగా వేట లైసెన్సు తీసుకోవాలి, 1971 సెప్టెంబరు 2న గాని ఆ తరువాత గాని పుట్టినవారికి టెక్సాస్‌లో అవసరమైన వేట శిక్షణ పూర్తిచేయాలి, ఒక ఇమిగ్రేషన్ న్యాయవాదితో మాట్లాడాలి, అప్పుడే దుకాణం మెట్లెక్కాలి. లైసెన్సు గడువు తీరిన రోజున ఆ మినహాయింపు కూడా తీరిపోతుందని గుర్తుపెట్టుకోవాలి.

కూర్చుకోవాలనుకునేవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. దుకాణంలో కొనేటప్పుడు 4473 నంబరు పత్రం నింపి, 1998 నవంబరు నుంచి అమలులో ఉన్న నేపథ్య తనిఖీ దాటవలసి వస్తుంది కాబట్టి, అర్హత లేనివాడిని ఆ దశలోనే ఆపే అవకాశం ఉంది. ఆ పత్రంలో వీసా గురించి సూటిగా ప్రశ్నలు ఉన్నాయి, తెలిసీ తప్పు జవాబు రాయడమే ఒక నేరం. విడిభాగాల్లో రిసీవర్ అనే భాగాన్ని (మిగతా భాగాలకు ఆధారమైన చట్రం) మాత్రమే చట్టం తుపాకీగా పరిగణిస్తుంది. మిగతా భాగాలు మామూలు సామానులాగే ఇంటికి వచ్చేస్తాయి. అవి సులభంగా వచ్చేస్తున్నాయి కాబట్టి అంతా సక్రమమేనని భ్రమపడటం ప్రమాదం. సగం తయారైన రిసీవర్లతో అమ్మే కిట్లను కూడా 2022 నాటి నిబంధన తుపాకుల కిందికి తెచ్చింది, దాన్ని 2025 మార్చిలో సుప్రీంకోర్టు సమర్థించింది. సీరియల్ నంబరు లేని సరుకు జోలికి మన కుటుంబాలు ఎట్టి పరిస్థితిలోనూ పోకూడదు. భుజానికి ఆనించి పేల్చే రైఫిల్ బారెల్ 16 అంగుళాల కన్నా తక్కువ ఉంటే 1934 నాటి చట్టం కింద ముందుగా రిజిస్ట్రేషన్ కావాలి. పొట్టి బారెల్ అందంగా ఉందని తెలియక బిగించినవాడు కూడా ఆ చట్టం పరిధిలోకి వస్తాడు. సొంత వాడకానికి కూర్చుకోవడం ఒకటి, కూర్చి మిత్రులకు అమ్ముతూ పోవడం ఒకటి. రెండోదానికి లైసెన్సు కావాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, అర్హత లేని తమ్ముడి కోసమో బావమరిది కోసమో తన పేరున రైఫిల్ కొనిపెట్టడం 2022 చట్టం ప్రకారం 15 సంవత్సరాల వరకు జైలుశిక్ష పడగల నేరం. మన బంధుత్వాల్లో ఇలాంటి సాయం అడగడమూ కాదనలేకపోవడమూ ఎంత సహజమో అందరికీ తెలుసు. అందుకే దీన్ని ఇంత వివరంగా రాస్తున్నాను.

పొరుగువారి హక్కు కూడా ఇందులో ఉంది. .223 గుండు మైలుకు పైగా వెళ్లగలదు. టెక్సాస్‌లో వేటలో గాని వినోదం కోసం గాని పేల్చిన గుండు మన హద్దు దాటి పక్కవారి భూమిలోకి వెళితే, వారి రాతపూర్వక అనుమతి లేనప్పుడు అది నేరం. 10 ఎకరాలు లేదా అంతకన్నా చిన్న ప్లాట్లున్న సబ్‌డివిజన్లలో కాల్పులను కౌంటీ ప్రభుత్వం నిషేధించవచ్చు. మనవారు కొంటున్న భూముల్లో చాలా భాగం ఐదు, పది ఎకరాల ముక్కలే. అలాంటి చోట ఏ రైఫిల్ కొనాలన్న ప్రశ్న కన్నా, అసలు అక్కడ రైఫిల్ పేల్చవచ్చా అన్న ప్రశ్న ముందు రావాలి. పేల్చవచ్చునని తేలినా, జంతువు వెనక మట్టిగట్టు కనిపించకపోతే ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు.

అలాంటి చిన్న భూముల్లో, నిజానికి పెద్ద భూముల్లో కూడా, మందను ఎక్కువ కాలం కాపాడేది తుపాకీ కాదు, కుక్క. గ్రేట్ పైరనీస్, అనటోలియన్ షెపర్డ్ జాతి కాపలా కుక్కలు మేకల మధ్యే పుట్టి పెరిగి, రాత్రంతా మేలుకొని మంద చుట్టూ తిరుగుతాయి. కొన్నిచోట్ల గాడిదలను కూడా ఇదే పనికి పెడతారు. చూలు మేకలను ఈనే ముందు ఇంటి దగ్గరి దొడ్డిలోకి మార్చడం, చచ్చిన జీవాలను ఆ రోజే పూడ్చిపెట్టడం, కంచె అడుగున సందు లేకుండా చూసుకోవడం వంటివి ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పనులు. ఒక కొయోటీని చంపితే ఖాళీ అయిన ఆ చోటులోకి మరొకటి వచ్చి చేరుతుంది. కాబట్టి అలవాటు పడి మళ్లీ మళ్లీ పిల్లల కోసం వచ్చే ఫలానా జంతువును తొలగించడానికే రైఫిల్ పనికొస్తుంది. ఈ విషయంలో ఫెడరల్ వ్యవసాయశాఖలోని వైల్డ్‌లైఫ్ సర్వీసెస్ విభాగం, టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయపు అగ్రిలైఫ్ విస్తరణ సేవ రైతులకు సలహా ఇస్తాయి. మనవారు అక్కడికి వెళ్లడానికి మొహమాటపడుతుంటారు. ఆ మొహమాటం అనవసరం.

ప్రశ్న అడిగిన పాఠకుడికి నా సలహా ఇది. చట్టపరంగా అర్హత ఉందని తేల్చుకున్న తరువాత, బారెల్ నట్ పద్ధతి ఉన్న ఒక సామాన్య శ్రేణి బోల్ట్ యాక్షన్ రైఫిల్‌ను .223లో కొనండి. బారెల్ మరలు ఎనిమిది లేదా తొమ్మిది అంగుళాలకు ఒక చుట్టు ఉన్న మోడల్ అడిగి తీసుకుంటే తేలిక గుండ్లూ బరువు గుండ్లూ రెండూ పనికొస్తాయి. రైఫిల్‌కు పెట్టినంత డబ్బు స్కోపుకు పెట్టండి. రెండు మూడు కంపెనీల తూటాలు ఒక్కొక్క పెట్టె తెచ్చి, రైఫిల్‌కు ఏది నచ్చుతుందో చూసుకొని, ఆ రకాన్నే ఎక్కువగా కొని ఉంచుకోండి. కొన్న రోజునే తాళం వేసే ఉక్కు బీరువా కూడా కొనండి, ముఖ్యంగా ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే.

సంపాదకులకు నా విన్నపం ఒక్కటే. రైఫిల్ ఎంపిక మీద ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు, నా అభిప్రాయాన్ని మీరు ప్రచురించకపోయినా నేను బాధపడను. వీసా మీద ఉన్నవారికి వర్తించే నిషేధాన్నీ, వేట లైసెన్సు మినహాయింపునూ మాత్రం అదే ప్రవాసుల పేజీలో, ఆ జవాబు వచ్చిన చోటనే, వీలైనంత త్వరగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఆ జవాబు చదివి ఈపాటికే విడిభాగాలు తెప్పించుకున్నవారు ఎవరైనా ఉంటే, వాటిని బిగించకముందే ఈ సమాచారం వారికి అందాలి.

భవదీయుడు,
టెక్సాస్‌లోని ఒక మేకల పెంపకందారు